తెలుగు వికీపీడియాలో తప్పులు దిద్దే పని: ఆరేళ్ళు చేశాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, నా రేటింగ్ 5కి 4.5. ఆ అర ఎక్కడ తగ్గిందో కూడా చెప్తా, కాకపోతే నేను ఇందులోకి ఎలా వచ్చానో చెప్పకపోతే మిగతాది మీకు సగమే అర్థమవుతుంది.

నేను పోస్టల్‌లో సార్టింగ్ అసిస్టెంట్‌గా చేశా, 1983లో చేరి 2019లో రిటైర్ అయ్యా. 36 ఏళ్ళు రైలు దిగిన సంచులు విప్పడం, ఉత్తరం మీద ఊరి పేరు చదవడం, ఏ గూట్లో వెయ్యాలో ఆ గూట్లో వెయ్యడం, ఇదే పని. అడ్రసు మీద రామాపురం అని మాత్రమే రాసి పడేస్తారు, మన రెండు రాష్ట్రాల్లో రామాపురాలు, కొత్తపల్లిలు, రెడ్డిపాలేలు ఎన్ని ఉన్నాయో సార్టింగ్‌లో చేసినవాళ్ళకి తెలుసు, వయా ఏంటి, మండలం ఏంటి, పిన్ ఏంటి చూసి తేల్చాలి, ఒక్క అక్షరం తేడా వస్తే ఉత్తరం ఇంకో జిల్లాకి పోయి వారం తర్వాత తిరిగొస్తుంది. అందుకని ఊరి పేరు తప్పుగా కనిపిస్తే నాకు చెయ్యి ఊరుకోదు, అది ఉద్యోగంతో వచ్చిన అలవాటు.

రిటైరయ్యాక మా అమ్మాయి పాత ల్యాప్‌టాప్ ఒకటి ఇచ్చింది. ఒకరోజు మా ఆవిడ వాళ్ళ ఊరి పేరు కొట్టి చూశా. కూనవరం మండలంలో ఒక చిన్న ఊరు, శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటికి దగ్గర. తెలుగు వికీపీడియాలో దానికొక పేజీ ఉంది! అంత చిన్న ఊరికి పేజీ ఉంటుందని నేను అనుకోలేదు, జనాభా, బడి, మంచినీళ్ళు, ఏ భూమి ఎన్ని హెక్టార్లు అన్నీ ఉన్నాయి. కానీ పైన మొదటి లైన్లోనే తెలంగాణ రాష్ట్రం, ఖమ్మం జిల్లా అని ఉంది. 2014లోనే ఆ మండలం ఆంధ్రకి వచ్చేసింది కదా, నేను చూసేనాటికి 2020. మా ఆవిడ చూసి, మా ఊరు ఏ రాష్ట్రంలో ఉందో కూడా సరిగా రాయలేదేంటండీ అంది.

మార్చు అని బటన్ ఉంది. నొక్కా. లాగిన్ అడగలేదు, పర్మిషన్ అడగలేదు, బాక్స్ తెరుచుకుంది. ఖమ్మం తీసేసి తూర్పు గోదావరి పెట్టా, తెలంగాణ తీసేసి ఆంధ్రప్రదేశ్ పెట్టా, ప్రచురించు నొక్కా, అయిపోయింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ ఐదు నిమిషాల సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు చూస్తే మళ్ళీ ఖమ్మం. చాలా కోపం వచ్చింది నాకు. మా ఆవిడ పుట్టిన ఊరు, నేను పెళ్ళి చేసుకోడానికి పడవెక్కి వెళ్ళిన ఊరు, నాకు తెలీదా అనుకున్నా. అప్పుడు పైన చరితం అని ఒక లింకు ఉంటే నొక్కి చూశా, అక్కడ నేను చేసిన మార్పు, దాన్ని ఎవరు వెనక్కి తిప్పారు, ఎన్ని గంటలకి, ఎందుకు అని ఒక్క ముక్కలో కారణం, అన్నీ వరసగా ఉన్నాయి. కారణం: మూలం ఇవ్వలేదు. పాత వాడుకరి ఒకాయన నాకు ఒక నోట్ కూడా పెట్టారు, స్వాగతం చెప్పి, మీరు రాసింది నిజమే కావచ్చు, ఆధారం చూపిస్తే ఉంచుకుందాం అని. రెండు రోజులు దాని మీద ఆలోచించా. అదే నెలలో భద్రాచలం పక్కనే ఉన్న ఎటపాక పేజీలో ఎవరో ఆంధ్రప్రదేశ్ తీసేసి తెలంగాణ అని మార్చిపోయారు, ఆయన కూడా నాలాగే మా ఊరు నాకు తెలీదా అనే అనుకుని ఉంటాడు. మా ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి చదివేవాళ్ళు? ఆధారం అడగడం న్యాయమే అని అప్పుడు అర్థమైంది.

ఈ సర్వీసు గురించి నేను చెప్పాల్సింది ఇదే అసలు. మీకు తెలుసు అన్నది ఇక్కడ సరిపోదు. మీకు తెలిసినదాన్ని ఎక్కడో అచ్చులో, గెజెట్‌లో, చట్టంలో, పాత పత్రికలో చూపించగలగాలి. అది మొదట్లో అవమానంగా అనిపిస్తుంది, తర్వాత్తర్వాత అదే ఈ పని మీద నమ్మకం కలిగిస్తుంది.

సరే, ఆధారం వెతికా. 2014 మే నెలలో ఆర్డినెన్స్ వచ్చింది, జులైలో ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ సవరణ చట్టం అయింది, దాంతో ఖమ్మం జిల్లాలోని పోలవరం ముంపు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు మొత్తంగా, భద్రాచలం మండలంలో భద్రాచలం ఊరు తప్ప మిగతావి, బూర్గంపాడు మండలంలో కొన్ని ఊళ్ళు మాత్రం. భద్రాచలం ఊరు తెలంగాణలోనే ఉండిపోయింది, దాని చుట్టూ ఉన్న పల్లెలు ఇటు వచ్చాయి, అందుకే అక్కడ ఇన్ని పొరపాట్లు. చట్టం కాపీ నెట్‌లో దొరికింది, దాన్ని మూలంగా పెట్టి మళ్ళీ రాశా, ఈసారి ఎవరూ ముట్టుకోలేదు. తర్వాత మండలంలో మిగతా ఊళ్ళు కూడా చూసి ఒక్కొక్కటే సరిచేసుకుంటూ పోయా, దానికి రెండు నెలలు పట్టింది.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రలో 13 జిల్లాలు 26 అయ్యాయి. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, ఎటపాక అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాలోకి వెళ్ళాయి. అంటే ఒక మనిషి ఉన్న ఇంట్లోంచి కదలకుండా ఎనిమిదేళ్ళలో మూడు జిల్లాలు, రెండు రాష్ట్రాలు చూశాడు. అన్ని పేజీలూ మళ్ళీ దిద్దాలి. విసుగు రాలేదా అంటే రాలేదు, 2014 తర్వాత కూడా ఆ వైపు ఉత్తరాలు కొన్నాళ్ళు 507 పిన్‌తోనే, ఖమ్మం జిల్లా అనే రాసి వచ్చేవి, మేము అలవాటు ప్రకారం వేసేవాళ్ళం, ఇలాంటి మార్పు జనం నోట్లోకి రావడానికి ఎంత టైం పడుతుందో నాకు తెలుసు. తెలంగాణలో కూడా ఇదే పరిస్థితి, 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33, మళ్ళీ 2021లో వరంగల్ అర్బన్, రూరల్ పోయి హనుమకొండ, వరంగల్ అయ్యాయి. చేర్యాల వరంగల్ నుంచి సిద్దిపేటకి వెళ్ళింది. ఎన్ని వేల ఊళ్ళ పేజీల్లో మొదటి లైను మారాలో ఆలోచించండి. దీన్ని చాలావరకు చేసినవాళ్ళు ఉన్నారు, జీతం లేకుండా, పేరు లేకుండా, రాత్రుళ్ళు కూర్చుని. నేను చేరేసరికే బోలెడు చేసి పెట్టారు.

ఇక్కడో చిన్న సూక్ష్మం ఉంది, కొత్తవాళ్ళు తప్పకుండా తడబడతారు. ఊళ్ళ జనాభా లెక్కలన్నీ 2011వి. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు కాబట్టి ఇప్పటికీ అవే. 2011లో ఆ ఊళ్ళు ఖమ్మం జిల్లాలోనే ఉన్నాయి, సెన్సస్ హ్యాండ్‌బుక్ కూడా ఖమ్మం జిల్లాదే. కాబట్టి పేజీలో ఎక్కడ ఖమ్మం కనిపించినా తీసెయ్యకూడదు, పైన ఇప్పటి జిల్లా ఉండాలి, లెక్కల దగ్గర మాత్రం అప్పటి జిల్లా ఇది అని ఒక వాక్యం ఉండాలి. ఒకాయన అత్యుత్సాహంతో మూలాల్లో ఉన్న పుస్తకం పేరులో కూడా ఖమ్మం తీసేసి అల్లూరి సీతారామరాజు అని పెట్టారు, 2011లో ఆ జిల్లా పేరుతో పుస్తకం ఎక్కడిది? దిద్దడంలో కూడా కొత్త తప్పు పుడుతుంది, అందుకే మునుజూపు అని ఒక బటన్ ఉంటుంది, ప్రచురించే ముందు ప్రతిసారీ అది చూడండి.

ఊళ్ళ పేర్ల సంగతికొస్తా. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. చాలా జాబితాలు ఇంగ్లీషులో ఉంటాయి, దాన్ని చూసి తెలుగులో రాసేటప్పుడు త ఏదో ట ఏదో, ద ఏదో డ ఏదో, దీర్ఘం ఉందో లేదో ఇంగ్లీషు అక్షరం చెప్పదు. కోదాడ పేరు ఇంగ్లీషులో చూసి తెలీనివాడు రాస్తే కొడద్ అవుతుంది. మాడుగుల కాస్తా మదుగుల అవుతుంది. ఇవి పెద్ద ఊళ్ళు, అందరికీ తెలుసు కాబట్టి బతికిపోయాయి. యాభై గడపల పల్లె పేరు తప్పు పడితే ఎవరు చూస్తారు? ఆ ఊరి కుర్రాడు ఫోన్లో చూసుకుని, నెట్‌లో ఇలాగే ఉంది కాబట్టి ఇదే కరెక్టేమో అనుకుంటాడు, వాడి పిల్లలు అదే రాస్తారు. పేరులో ఊరి కథ ఉంటుంది, చెరువు పేరో, చెట్టు పేరో, అక్కడ స్థిరపడ్డ మనుషుల పేరో. డ ద అయిపోతే ఆ కథ తెగిపోతుంది. నాకు నోటికొచ్చిన పేర్లు చాలా ఉన్నాయి కానీ నోటికొచ్చింది ఆధారం కాదు అని చెప్పాగా, అందుకని పాత తెలుగు పత్రికల్లో, పంచాయతీ బోర్డు ఫోటోల్లో, బడి మీద రాసిన పేరులో చూసి, అప్పుడు పేజీ చర్చలో పెట్టి, ఎవరికైనా అభ్యంతరం ఉందేమో వారం చూసి, అప్పుడు పేరు మారుస్తాం. పాత పేరుతో వెతికినా కొత్త పేజీకే వెళ్ళేలా దారిమార్పు ఉంటుంది. ఇల్లు మారినవాళ్ళ ఉత్తరాలు కొత్త అడ్రసుకి పంపినట్టే.

ఒకే పేరున్న ఊళ్ళకి అయోమయ నివృత్తి అని ఒక పేజీ ఉంటుంది. ఆ పేరు ఎవరు పెట్టారోగానీ చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. కొత్తపల్లి అని కొడితే ఏ కొత్తపల్లి, ఏ మండలం, ఏ జిల్లా అని వరసగా చూపిస్తుంది. నేను 36 ఏళ్ళు చేసిన ఉద్యోగానికి ఇంత మంచి పేరు ఉంటుందని నాకు ముందు తెలీదు. ఇక్కడి మాటలన్నీ ఇలాగే ఉంటాయి, చిన్న వ్యాసాన్ని మొలక అంటారు, అందరూ కూర్చుని మాట్లాడుకునే చోటు పేరు రచ్చబండ, ఆధారం లేని వాక్యం పక్కన ఆధారం చూపాలి అని చిన్న అక్షరాల్లో పడుతుంది. ఇంటర్నెట్‌లో ఇంత తెలుగుతనం ఉన్న మెనూలు నేను ఇంకెక్కడా చూడలేదు, ఒక పావు స్టార్ అచ్చంగా దానికే ఇచ్చా.

తారీఖులు ఇంకో పెద్ద చిక్కు. పాతకాలం మనుషుల పుట్టినరోజులు సంవత్సరం, మాసం, తిథి లెక్కన ఉంటాయి. ఒక పాత కవి గురించి శోభకృతు నామ సంవత్సరం మాఘమాసంలో జననం అని పుస్తకంలో ఉంది, పేజీలో 1903 అని రాశారు. శోభకృతు 1903 ఉగాదికి మొదలైన మాట నిజమే కానీ అది 1904 ఉగాది దాకా నడుస్తుంది, మాఘం వచ్చేసరికి జనవరి, ఫిబ్రవరి అవుతుంది, అంటే ఆయన పుట్టింది 1904లో. మొన్న 2023 ఉగాదికి వచ్చింది కూడా ఈ శోభకృతే, అరవై అరవై లెక్కేసుకుంటే సరిపోతుంది. పుష్యం సగం నుంచి ఫాల్గుణం దాకా పుట్టినవాళ్ళందరికీ ఈ ఒక్క ఏడాది తేడా వచ్చే అవకాశం ఉంది, ఇది తెలిశాక నేను అలాంటి పేజీలు వెతికి వెతికి చూస్తున్నా. నైజాం వైపు పాత కాగితాల్లో ఫసలీ సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలుపుకుంటే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, అక్కడ కూడా ఏడాది మొదలయ్యే నెల తేడా కాబట్టి జాగ్రత్త పడాలి.

కొలతలు కూడా చూస్తూ ఉండాలి. గోదావరి వరదల గురించి రాసిన ఒక పేరాలో భద్రాచలం దగ్గర 1986లో నీటిమట్టం 75.6 మీటర్లు అని ఉంది. మీటర్లు కాదు, అడుగులు! అక్కడ మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకి, రెండోది 48కి, మూడోది 53కి ఇస్తారు, గోదావరి పక్కన ఉన్నవాళ్ళకి ఈ మూడు అంకెలు ఎక్కాల్లాగా వచ్చు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, నేను అప్పుడు సర్వీసులో కొత్త, ఆ వైపు సంచులు కొన్ని రోజులు ఆగిపోయాయి, మా అత్తగారి వాళ్ళు గుట్ట మీద ఉన్నారన్న కబురు కూడా ఆలస్యంగా తెలిసింది. మళ్ళీ 2022 జులైలో 71.3 అడుగులు. ఒక్క మాట మార్చడానికి నాకు పది సెకన్లు పట్టింది, కానీ ఎన్నాళ్ళుగా ఎంతమంది పిల్లలు దాన్ని ప్రాజెక్టు వర్కులో మీటర్లు అని ఎక్కించుకుని ఉంటారో.

నన్ను బాగా కదిలించిన కేసు ఒకటి చెప్తా, దీనికి మూడు వారాలు పట్టింది. ఒక ఊరి పేజీలో ఆ ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో కథ ఉంది, ఫలానా రాజు వేటకొచ్చి ఇక్కడ ఆగాడు, ఆయన రాణి పేరు మీద ఊరు వెలిసింది అని. కింద మూలం కూడా ఉంది, ఒక పత్రిక జిల్లా ఎడిషన్లో వచ్చిన ఐటం. చూడ్డానికి అంతా బాగానే ఉంది. కానీ ఆ రాజుకి, ఆ ఊరికి కాలం కుదరట్లేదు. చరితంలోకి వెళ్ళి ఆ కథ పేజీలోకి మొదట ఎప్పుడొచ్చిందో వెనక్కి వెనక్కి చూసుకుంటూ పోతే, ఎవరో లాగిన్ కాకుండా వచ్చి రాసి వెళ్ళిన రోజు దొరికింది. పత్రికలో ఐటం వచ్చింది దానికి రెండేళ్ళ తర్వాత. వాక్యాలు కూడా దాదాపు అవే! అంటే ఇక్కడున్న దాన్ని చూసి అక్కడ రాశారు, ఆ అక్కడున్న దాన్ని తెచ్చి ఇక్కడ మూలంగా పెట్టారు. అబద్ధం చుట్టూ తిరిగొచ్చి తనకి తనే సాక్ష్యం చెప్పింది. చర్చా పేజీలో రెండు తేదీలూ పెట్టి అడిగా, ముగ్గురు చూసి ఒప్పుకున్నారు, కథ తీసేశాం. ఆ ఊరివాళ్ళు ఒకాయన వచ్చి బాధపడ్డారు, మా తాతలు కూడా ఇదే చెప్పేవాళ్ళండీ అని. అలా అయితే స్థానికులు ఇలా చెప్పుకుంటారు అని ఎక్కడైనా పాత పుస్తకంలో ఉంటే చెప్పండి, ఆ మాటగానే పెడదాం అన్నా. ఆయన ఇంకా వెతుకుతున్నారు, నేను కూడా వెతుకుతున్నా.

వెతకడానికి మనకి మంచి నిధులే ఉన్నాయి. పాత ఆంధ్రపత్రిక, భారతి సంచికలు ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించి పెట్టింది, పాత తెలుగు పుస్తకాలు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్ళు స్కాన్ చేసినవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. చాలా స్కాన్లలో అక్షరాలు వెతకలేం, పేజీ పేజీ తిప్పాలి, కళ్ళు నొప్పి పుడతాయి. అయినా ఒక్కోసారి వెతుకుతున్నది కాకుండా ఇంకో ఊరి జాతర గురించి నాలుగు లైన్లు దొరుకుతాయి, అది తీసుకెళ్ళి ఆ ఊరి పేజీలో పెడితే ఆ రోజుకి కడుపు నిండినట్టే.

గొడవలు ఉండవా అంటే ఉంటాయి. అన్నిటికంటే ఎక్కువ వచ్చేది గారు గురించి. తెలుగు వికీలో ఎవరి గురించి రాసినా ఏకవచనమే, వెళ్ళాడు, రాసింది, పుట్టాడు అనే. గారు, శ్రీ, శ్రీమతి, బిరుదులు పెట్టరు. నేను మొదట్లో స్వాతంత్ర్య సమరయోధుడి పేజీలో పుట్టాడు, చనిపోయాడు అని చూసి మనసు ఒప్పక పుట్టారు, చనిపోయారు అని మార్చా, తిరిగి మార్చేశారు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళని అలా అనం కదా, బాధగానే ఉంటుంది. కానీ ఆలోచిస్తే ఎవరికి గారు పెట్టాలి, ఎవరికి అక్కర్లేదు అని తేల్చేది ఎవరు? ఒక నాయకుడికి పెట్టి పక్కన తోలుబొమ్మలాట ఆడించే కళాకారుడికి పెట్టకపోతే? అందరికీ ఒకటే అన్నాక ఆ గొడవే లేదు. చాలా పాత పుస్తకాల్లో కూడా రాజుల గురించి, కవుల గురించి ఏకవచనంలోనే రాశారు. ఇప్పుడు నేనే కొత్తవాళ్ళకి ఇది చెప్తున్నా, మెల్లగా, నొచ్చుకోకుండా చెప్పాలి, ఎందుకంటే వాళ్ళు గౌరవంతోనే మారుస్తారు.

కులం పేర్లు చేర్చేవాళ్ళు, ఎలక్షన్ల ముందు ఊరి ప్రముఖుల్లో తమ నాయకుడి పేరు దూర్చేవాళ్ళు, బతికున్న నటుణ్ణి చనిపోయాడని రాసేవాళ్ళు, వీళ్ళు వస్తూనే ఉంటారు, ఇటీవలి మార్పులు చూసే వాళ్ళు వెంటనే పట్టేస్తారు. దాని గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, రద్దు చెయ్యడం ఒక్క నొక్కు.

అంతకంటే కష్టం అనువాదాలు. 2009, 2011 మధ్య గూగుల్ వాళ్ళు ఒక ప్రాజెక్టు పెట్టి ఇంగ్లీషు వ్యాసాల్ని అనువాద టూలుతో మన భాషల్లోకి తెప్పించారు, తెలుగులోకి కూడా పెద్ద పెద్ద వ్యాసాలు వచ్చాయి. చాలావాటిలో తెలుగు తెలుగులా లేదు. ఆ తర్వాత కూడా మిషన్ అనువాదాన్ని అలాగే అంటించి వెళ్ళేవాళ్ళు ఉన్నారు. ఆమె 1950లో వివాహం చేసుకోబడింది అని ఉంటుంది, ఆమెకి 1950లో పెళ్ళయింది అంటే పోలా? పవర్ ప్లాంట్‌ని విద్యుత్ మొక్క అన్న వాక్యం నేను నా చేత్తో దిద్దా. ఒక పేజీ ఇలా ఉంటే దిద్దడం కంటే మొదట్నుంచి రాయడం తేలిక, ఎందుకంటే వాక్యం వంకర తీస్తుంటే అసలు విషయం ఏంటో మనకే తెలీదు, ఇంగ్లీషు పేజీ పక్కన పెట్టుకుని ఇది చెప్పాలనుకున్నది ఇదా అని ఊహించాలి. నేను రోజుకి ఒక పేరా పెట్టుకున్నా. ఒక పేరా అంటే తక్కువ అనుకోకండి, గంట పడుతుంది. మన పిల్లలు తెలుగులో సైన్సు చదవాలంటే ముందు అది తెలుగై ఉండాలి కదా.

ఇప్పుడు సర్వీసుగా మంచిచెడ్డలు. డబ్బు కట్టక్కర్లేదు, యాడ్లు లేవు, విరాళాలతో నడుస్తుంది. తెలుగులో టైపు చెయ్యడానికి వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, కంట్రోల్, ఎం కలిపి నొక్కితే అందులోనే తెలుగు వస్తుంది, లిప్యంతరీకరణ, అంటే ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే పద్ధతి, నాలాంటివాడే వారంలో నేర్చుకున్నాడు. ఏం చెడగొట్టినా పోయేదేం లేదు, పాత కూర్పు అక్కడే ఉంటుంది, ఈ ధైర్యం ఒక్కటి చాలు కొత్తవాళ్ళకి. వీక్షణ జాబితాలో మనకి కావాల్సిన పేజీలు పెట్టుకుంటే ఎవరు ముట్టుకున్నా తెలుస్తుంది, నా జాబితాలో ఇప్పుడు 412 ఊళ్ళు ఉన్నాయి, పొద్దున కాఫీ తాగుతూ ముందు అదే చూస్తా.

అర తగ్గించింది రెండు విషయాలకి. ఫోన్లో చదవడం హాయిగా ఉంటుంది, చిన్న అక్షర దోషాలు దిద్దుకోవచ్చు, కానీ పక్కన సమాచారపెట్టెలో జిల్లా మార్చాలన్నా, మూలం సరిగ్గా చేర్చాలన్నా ఫోన్లో అవస్థే, కంప్యూటర్ కావాలి, మన ఊళ్ళల్లో ఎంతమంది ఇళ్ళల్లో కంప్యూటర్ ఉంది? ఊరి గురించి తెలిసినవాడి చేతిలో ఫోన్ మాత్రమే ఉంటుంది. రెండోది మనుషులు. 2003 డిసెంబరులో మొదలైంది, ఇప్పుడు లక్షకి పైగా వ్యాసాలున్నాయి, కానీ ఇటీవలి మార్పుల్లో రోజూ కనిపించేవి అవే కొన్ని పేర్లు. కోట్ల మంది మాట్లాడే భాషకి ఇది సరిపోదు. ఇది సర్వీసు తప్పు కాదు, మన వైపు నుంచి రావాల్సింది, అయినా వాడేవాడికి తేడా తెలుస్తుంది కాబట్టి రాశా. ఒక ప్రశ్న రచ్చబండలో అడిగితే జవాబు ఆ రోజే రావచ్చు, వారం పట్టొచ్చు.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి నాకు తెలిసింది చెప్తా. లాగిన్ చేసుకోండి. మీ ఊరి పేజీతో మొదలుపెట్టండి కానీ మీ ఊరిని పొగడకండి, మా ఊరు చాలా అందమైన ఊరు అన్న వాక్యం ఒక్కరోజు కూడా నిలవదు, దాని బదులు చెరువు పేరేంటో ఆధారంతో రాయండి, అది పదేళ్ళు ఉంటుంది. దిద్దుబాటు సారాంశంలో ఏం మార్చారో ఒక్క ముక్క రాయండి. చర్చలో రాస్తే చివర్న నాలుగు టిల్డాలు (~~~~) పెట్టండి, సంతకం అదే పడుతుంది. ఎవరైనా వెనక్కి తిప్పితే వెంటనే మళ్ళీ మార్చకండి, అడగండి.

మా ఆవిడ వాళ్ళ ఊరు పోలవరం ముంపులో ఉంది. సగం మంది ఇప్పటికే పునరావాస కాలనీకి వచ్చేశారు, మిగతావాళ్ళు కూడా ఈరోజో రేపో అన్నట్టున్నారు. నీళ్ళొస్తే ఊరు ఉండదు, బడి ఉండదు, బడి మీద రాసిన పేరు ఉండదు. ఆ కాలనీకి వేరే పేరు పెట్టారు. పోయినేడు సంక్రాంతికి అక్కడికి వెళ్ళినప్పుడు మా బావమరిది కొడుకు, ఇంటర్ చదువుతున్నాడు, ఫోన్లో ఊరి పేజీ తీసి అందరికీ చదివి వినిపించాడు, 2011లో ఇన్ని ఇళ్ళు, ఇంత మంది, ఇన్ని హెక్టార్ల అడవి అని. మా అత్తయ్య మంచం మీద కూర్చుని అంతా విని, మరి ఏటవతల గుంపు పేరు రాయలేదేంట్రా, ఇరవై గడపలు ఉండేవి కదా అంది. నిజమే, అది రెవెన్యూ గ్రామం కాదు, అందుకని లిస్టులో రాలేదు. వాడు నా వైపు చూశాడు. మావయ్యా, ఇది నేను రాయొచ్చా అన్నాడు. రాయొచ్చురా, ముందు ఎక్కడైనా అచ్చులో ఉందేమో చూద్దాం అన్నా. ఓటర్ల జాబితాలో పోలింగ్ స్టేషన్ కింద గుంపుల పేర్లు వేస్తారేమో అని వాడికే తట్టింది, పాత జాబితాలు డౌన్‌లోడ్ చేస్తున్నాడు, ఇప్పటికి రెండు చూశాం, దొరకలేదు, మూడోది ఇవాళ రాత్రి చూడాలి.